మలుపులో వినిపించని కారు

ఏమండీ,

మీ సంవత్సరీకం అయ్యాక, గరాజ్‌లో పడున్న, పెద్ద ఇంజన్ ఉన్న మీ మజిల్ కారుకి, వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ మార్పించాను. రేసుల కోసం మీరు వెనక చక్రాలు రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగేలా బిగించుకున్నారు కదా, మలుపు తిరిగినప్పుడల్లా టైర్లు కీచుమనేవి. బెంటన్‌విల్‌లో మన వీధివాళ్లందరికీ సారీలు చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

ఇకమీదట దాన్ని అమ్మాయి ఆఫీస్‌కి తీసుకెళ్తుందట.

"రోడ్డుకా, నేరుగా దూసుకెళ్లే డ్రాగ్ రేసుకా?" అని మెకానిక్ అడిగితే అది నా వైపు చూసింది. మీ కూతురే, దానికీ రేసుల మీదే మనసు. వద్దని వాదించే ఓపిక నాకు లేదు. రెండింటికీ పనికొచ్చేది వేయమన్నాను. లిమిటెడ్ స్లిప్ వేశాడు. నేరుగా పోతే రెండు చక్రాలూ కలిసి తోస్తాయి, మలుపులో దేని వేగం దానిది.

నిన్న సాయంత్రం వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే, వెనక నుంచి "అమ్మా, టీ పెట్టలేదా?" అంది. ఉలిక్కిపడ్డాను.

"ఎప్పుడొచ్చావే?"

"జస్ట్ ఇప్పుడే. చూశావా, టర్నింగ్‌లో అసలు సౌండే లేదు!" అని మురిసిపోయింది.

బాగుందన్నాను. ఇన్నేళ్లూ వీధి మలుపులో ఆ కీచుమనే చప్పుడు వినే కదండీ, నేను స్టవ్ మీద టీ నీళ్లు పెట్టేదాన్ని.