జేబులో తాళంచెవి

ప్రియమైన శ్రీవారికి,

అక్కడ ఫోన్లు మూగబోయాయట కదా. మా సర్కారు అచ్చాఫీసు నుంచి అక్కడి మన ఎంబసీకి కరపత్రాల కట్ట వెళ్తోంది, అందులో ఈ ఉత్తరం దూర్చాను. ఆ కరపత్రానికి ప్రూఫు దిద్దింది నేనే. యుద్ధం జరుగుతున్న చోట చిక్కుకున్న మనవాళ్ళకి పద్నాలుగు సూచనలు. సైరన్ మోగితే కిటికీలకు దూరంగా, రెండు గోడల చాటున ఉండాలి. పాస్‌పోర్టు ఒంటిమీదే ఉంచుకోవాలి. సైనికుల ఫొటోలు తీయకూడదు. పదమూడు సూచనలు అందరికీ, పద్నాలుగోది మీకు: గురువారం బస్సే ఆఖరిది, ఎక్కేయండి. పెళ్ళయి పదకొండేళ్ళయినా నా మాట ఒక్కటీ విన్న పాపాన పోలేదు. అచ్చులో ఉందనైనా వినండి.

ఎదురుచూస్తూ,
మీ ఆవిడ

ప్రియమైన ఎర్ర పెన్సిలుకి,

కరపత్రం అందింది. తప్పులు వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

ఇక్కడి ఆసుపత్రి లిఫ్టుకి బ్రేకు పాడైంది. సైరన్ మోగినప్పుడల్లా నాలుగో అంతస్తు రోగుల్ని మెట్ల మీద మోసుకుంటూ నేలమాళిగలోకి దించుతున్నారు. ఊళ్ళో మిగిలిన లిఫ్టు మెకానిక్‌ని నేనొక్కణ్ణే. బస్సు వేళకి పని ముగిస్తాను. భయపడకు, మా పనిలో కట్టుదిట్టం ఉంది. లిఫ్టు షాఫ్టులోకి దిగే ముందు మెయిన్ స్విచ్ ఆపేసి, దానికి తాళం వేసుకుంటాం. తాళం వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నట్టు. వేసినవాడు తప్ప ఇంకెవరూ తీయకూడదు. నర్సులందరి చేతా ఈ పాఠం అప్పజెప్పించాను. గురువారం బస్సులో ఉంటాను. నీమీద ఒట్టు.

నీ
నట్లూ బోల్టుల మనిషి

ప్రియమైన అని రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను,

సరిహద్దు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. బస్సు వచ్చింది. మీరు రాలేదు. అందరూ దిగాక లోపలికెక్కి సీట్ల కింద కూడా చూశాను. మీ గదిలో ఉండే వంటాయన చెప్పాడు: "నా పక్కనే కూర్చున్నాడమ్మా. ఊరు దాటుతుంటే జేబు తడుముకున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆపండి ఆపండి అని అరిచి, దిగి వెనక్కి పరిగెత్తాడు."

నాకంటే ఎక్కువైనది ఏముందండీ ఆ జేబులో?

గేటు దగ్గరి అధికారి జాబితాలో మీ పేరు కొట్టేశాడు. ఆ కాగితం లాక్కున్నాను. మా పనిలో, పొరపాటున కొట్టేసిన మాట ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతాం. మీ పేరు కింద ఎర్రగా చుక్కలు పెట్టి ఇచ్చాను. "ఇదేంటమ్మా?" అన్నాడాయన. "ఉంచమని" అన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను. కరపత్రాల కట్ట మాత్రం రేపు ఇంకోటి వెళ్తోంది.

ఇంకా
మీ ఆవిడే

ప్రియమైన నీకు,

తిట్టు, పడతాను. ఒక విలేకరి తిరిగొస్తూ ఇది తెస్తున్నాడు.

జేబులో ఉన్నది తాళంచెవి. గురువారం పొద్దున పని ముగిసేసరికి బయట బస్సు హారన్ కొడుతోంది. పెట్టె పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెనక గుమ్మంలోంచి పరిగెత్తాను. స్విచ్‌కి తాళం అలాగే ఉండిపోయింది.

నేను తిరిగొచ్చేసరికి సైరన్ మోగుతోంది. పెద్ద నర్సు షాఫ్టులోకి వంగి, "మెకానిక్ గారూ, ఉన్నారా? పలకండి!" అని గొంతు చించుకుంటోంది. బాగైన లిఫ్టుని పక్కన పెట్టుకుని పదకొండు మందిని మెట్ల మీద మోశారు. తాళం పగలగొడదామని ఒకాయన గొడ్డలి తెస్తే, లోపల మనిషి ఉన్నాడని ఆమె అడ్డం నిలబడిందట. ఆ మనిషేమో బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చున్నాడు! సిగ్గుతో చచ్చిపోయాను.

తాళం తీశాను. ఇప్పుడు సైరన్ మొదలవగానే లిఫ్టులో అందరూ కిందికి చేరుతున్నారు. ఇంకో బస్సు ఉంటుందో లేదో తెలియదు. రెండు గోడల చాటునే పడుకుంటున్నాను. నీ మాట విన్నానా లేదా?

నీ
తప్పు చేసినవాడు

ప్రియమైన మతిమరుపు మారాజుకి,

కొత్త కరపత్రంలో పదిహేనో సూచన చేర్చమని మా ఆఫీసరుగారిని అడిగాను. "యుద్ధం జరుగుతుంటే ఇదేం సలహా తల్లీ?" అన్నారు. మీ ఉత్తరం చదివి వినిపించాను. గొడ్డలి దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "వేసేద్దాం. పైవాళ్ళతో నేను మాట్లాడతాను" అన్నారు.

అసలు సంగతి వినండి. రోగుల్ని తరలించడానికి రెండు రోజులు కాల్పులు ఆపుతున్నారట. మనవాళ్ళకీ ఒక బస్సు ఉంది, ఆదివారం. ఈసారి జేబులు ఎక్కేముందే చూసుకోండి.

కోపం తగ్గిన
మీ ఆవిడ

ప్రియమైన ఎర్ర పెన్సిలుకి,

సరిహద్దు గేటు దగ్గర బస్సు ఆగింది. కొత్త కరపత్రాలు పంచారు. ముందు సీటాయన పదిహేనోది పైకి చదివాడు: "బయలుదేరే ముందు జేబులు చూసుకోండి. ఇతరులకు కావలసిన తాళంచెవులు అప్పగించి, చెప్పి రండి. లేకపోతే మీకోసం వెతుకుతూ ఉంటారు." బస్సంతా ఒకటే నవ్వు. "ఏ తలకాయ లేనివాడి కోసం రాశారో!" అన్నాడాయన. నేనూ నవ్వాను. తర్వాత కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను.

తాళమూ, చెవీ రెండూ పెద్ద నర్సుకే ఇచ్చేశాను. రోగులందరూ బండ్లెక్కాక చెప్పి మరీ బయలుదేరాను. జేబులో ఇప్పుడు నీ ఉత్తరాలే ఉన్నాయి. ఈ ఉత్తరం ఎవరి చేతికీ ఇవ్వను, నేనే తెచ్చిస్తాను.

గేటు దగ్గర పేర్లు పిలిచే అధికారి కొత్తవాడు, జాబితా మాత్రం పాతదే తెచ్చాడు. నా పేరు దగ్గర ఆగిపోయి, "కొట్టేసిన పేరు కింద ఈ ఎర్ర చుక్కలేమిటి?" అన్నాడు.

"మా ఆవిడ దస్తూరీ అండీ" అన్నాను.

వస్తున్న
నీ మనిషి