ఒకటి బయటికి, ఒకటి లోపలికి

పెద్ద దిబ్బ వలయం,
సెకా ఇసుక దిబ్బలు, దక్షిణ కాలిఫోర్నియా.
బుధవారం, నవంబరు 27, 2019. మధ్యాహ్నం ఒంటిగంట.

విషయం: వలయంలో ఓరెన్ టాల్బట్ గారి స్థలం ఖాళీగా ఉండుట, దానిని నింపుటలో గల అడ్డంకులు, వివరణ గురించి.

సూచిక: 1. ట్యాంకర్ డ్రైవరు ద్వారా నీవు ఈ ఉదయం పంపిన నోటి మాట.
2. గత థాంక్స్‌గివింగ్ నాడు మన మధ్య జరిగిన సంభాషణ.

ముప్ఫై ఒక్క థాంక్స్‌గివింగ్‌ల మిత్రుడు, ప్రస్తుతం గేటు ముందు వరసలో నలభై మూడవవాడు అయిన ఓరెన్‌కు,

లైమన్ క్విస్ట్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీవు క్షేమమని ట్యాంకర్ డ్రైవరు ఎస్తెలా చెప్పగా విన్నాను. రాతపూర్వక ధ్రువీకరణ ఇంకా అందవలసి ఉంది.

నలభై వేల మంది ఒకే టవర్ మీద పడటంతో శనివారం నుంచి ఫోన్లు మూగబోయిన సంగతి నీకు తెలుసు. ఇక రెండు వైపులా తిరగడానికి అనుమతి ఉన్న వాహనం ఒక్కటే, ఎస్తెలా సెప్టిక్ ట్యాంకర్. కాబట్టి మన ఉత్తర ప్రత్యుత్తరాలు దాని మీదనే సాగాలి. ఉత్తరాన్ని ఆమె ముందు సీటు మీద పెడతానని మాట ఇచ్చింది. నీ సందేశాన్ని ఆమె నాకు గొట్టం బిగిస్తూ వినిపించింది. "ఆ గుమాస్తాకి చెప్పు, నేను వాడి కోసం రాలేదు, వర్నా కాల్చే గుమ్మడి 'పై' మిఠాయి కోసం వచ్చాను" అని నువ్వు అన్నావట. దీనిని స్వీకరించినట్లు ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

ముందుగా పరిస్థితి. ఈ సెలవులకు కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. దిబ్బల్లో బండ్ల సంఖ్య నిండగానే గేటు మూస్తారు. ఆపైన ఒక బండి బయటికి వెళితే ఒక బండి లోపలికి వస్తుంది. బయటికి వెళ్ళిన బండి ఆదివారం వరకు తిరిగి రాకూడదు. నాలుగు మైళ్ళ ఇసుకలో మోటారు బగ్గీలు తిరుగుతుంటాయి కనుక నడిచి రావడం నిషేధం. పర్మిట్ మీద పేరు లేని మనిషిని ఇతరులు తమ బండిలో ఎక్కించుకు రావడమూ నిషేధమే. వసంతకాలంలో ఎడారి కార్యాలయం వారు ప్రజల నుంచి సూచనలు కోరగా, ఎవరో పౌరుడు ఏడు పేజీల ప్రతిపాదన పంపాడనీ, దానిని వారు కామా కూడా మార్చకుండా ఆమోదించారనీ విన్నాను. నియమం మంచిచెడ్డల జోలికి నేను పోను. భాష మాత్రం ప్రశంసనీయం.

ఈ ఉదయం నుంచి ఆరు బండ్లు బయటికి వెళ్ళాయి. వాటిలో రెండు అంబులెన్సులు. అవి లెక్కలోకి రావు. ఈ వేగంతో నీ వంతు సుమారు ఆదివారం సాయంత్రం, అంటే అందరూ ఇంటికి వెళ్ళే సమయానికి వస్తుంది. బుధవారం వరకు బయలుదేరని అలవాటు నీది. ఇన్నేళ్ళలో ఆ అలవాటు నీకు నష్టం చేయడం ఇదే మొదటిసారి.

ఇక స్థలం సంగతి. మన ఇంటిబండ్ల వలయంలో ఇరవై రెండు చోట్లు. మనిషి ఉంటే చోటు ఉన్నట్టు కాదు, చక్రాలు ఉండాలి. ఒక ఏడు ఖాళీ అయితే మన్నింపు. రెండో ఏడు పండుగ భోజనానికి కూర్చునే సమయానికి కూడా ఖాళీగా ఉంటే ఆ చోటు ఇతరులకు పోతుంది, మళ్ళీ తిరిగి రాదు. ఈ ఆచారాన్ని రిజిస్టరులో ఎక్కించింది కార్యదర్శినైన నేనే. నిరుడు నువ్వు భోజనానికి రెండు గంటల ముందు వెళ్ళిపోయావు. అది మొదటి ఏడు. రేపు గురువారం మధ్యాహ్నం రెండింటికి రెండోది పూర్తవుతుంది.

నీ చోటు కోసం దరఖాస్తు చేసినవారు క్రెబ్స్ దంపతులు. బీరువా అంత స్పీకర్లు రెండు తెచ్చారు. క్రెబ్స్ ఈ ఉదయం టేపు పట్టుకుని నీ చోటు కొలుస్తుంటే నేను అభ్యంతరం తెలిపాను. "ఊరికే కొలుస్తున్నా అంకుల్, కొలిస్తే అరగదుగా" అన్నాడు. కొలవడాన్ని నిషేధించే నియమం మన రిజిస్టరులో లేదు. లోపాన్ని గుర్తించి రాసుకున్నాను.

వలయమంతా బామ్మ అని పిలిచే వర్నా డాకరీకి ఈ నెలలో ఎనభై ఒకటి నిండాయి. టర్కీ కోడిని కాల్చే గుంట ఇప్పటికీ తానే తవ్విస్తుంది, తవ్వేవాళ్ళని తానే తిడుతుంది. నిన్న భోజనాల బల్ల సర్దుతూ నీ చోటు వైపు చూసి, "ముందు పన్ను ఊడిన నోరులా ఉంది, చూడలేకపోతున్నా" అంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ సంభాషణను ఉన్నది ఉన్నట్టు నివేదిస్తున్నాను.

"ఒకటి బయటికెళ్తే ఒకటి లోపలికొస్తుందట కదా?"

అవునన్నాను. కాకపోతే వంతు వరస ప్రకారం వస్తుందనీ, వెళ్ళేవాడు పేరు పెట్టి రాసిస్తే మాత్రం ఆ పేరుగల మనిషినే రానిస్తారనీ వివరించాను.

"మరింకేం, రేపు బుధవారం, ఓరెన్ వస్తాడు. వాడి పేరు రాసిచ్చి నువ్వు పో."

కార్యదర్శి లేకుండా వలయం సమావేశం చెల్లదని మనవి చేశాను. పైగా నేను వెళితే నీ చోటు నిండినా నా చోటు ఖాళీ అవుతుందని కూడా చెప్పాను.

"నీ ఖాళీ చూసి ఎవరూ ఏడవర్లే" అంది బామ్మ.

పక్కనున్నవారు నవ్వారు. ఎందరు నవ్విందీ నమోదు చేయలేదు.

నేను ఎందుకు కదలడం లేదన్న ప్రశ్నకు అక్కడ ఇచ్చిన సమాధానాలు ఇవి: కార్యదర్శి బాధ్యత, మోకాలి నొప్పి, గాలి దిశ. బామ్మ మూడింటినీ వరసగా విని, "నాలుగోది చెప్పు" అంది. నాలుగోదాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశాను.

నా బస గురించి అడుగుతావేమో. సౌకర్యంగానే ఉంది. శనివారమే వచ్చి, పెద్ద దిబ్బ పాదం దగ్గర మామూలు చోటులోనే నా ఇంటిబండిని నిలిపాను. గత సంవత్సరాలన్నిటికంటె ఈ ఏడు స్థిరంగా ఉందని చెప్పగలను. ఎక్కేందుకు ఎప్పుడూ మూడు మెట్లు ఉండేవి, ఈ ఏడు రెండే ఉన్నాయి. నా వయసుకు ఇది అనుకూలమైన మార్పు. బండి చుట్టూ అడుగు భాగం కనబడకుండా పచ్చ తివాచీ వేలాడదీశాను. చూసినవారు అందంగా ఉందన్నారు. ఎస్తెలా మాత్రం గొట్టం తగిలించడానికి తివాచీ ఎత్తి, లోపలికి తొంగిచూసి, ఈల వేసింది. నేను ఆమె కళ్ళలోకి చూశాను. ఆమె తివాచీ దించింది. "నా ఉద్యోగంలో చాలా చూస్తాం సార్, ఎవరికీ చెప్పం" అంది. ఆ వృత్తిపై నాకు గౌరవం పెరిగింది.

కానీ ఓరెన్, ఇక్కడ కూర్చుని నాలుగు రోజులుగా చూసేందుకు నాకు నీ చోటు తప్ప మరేమీ లేదు. నా తలుపు సరిగ్గా దాని ఎదురుగా తెరుచుకుంటుంది. నువ్వు నూనె గుడ్డ ఆరేసే కర్ర ఇంకా పాతిపెట్టే ఉంది. ఉదయం కాఫీ పెట్టేటప్పుడు అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసి, ఒకటి లోపల పెట్టేస్తున్నాను. ఈ పని ఆదివారం ఒకసారి, సోమవారం ఒకసారి, మంగళవారం రెండుసార్లు జరిగింది. బయట దిబ్బల మీద బగ్గీలకు కట్టిన పది వేల జెండాలు పరుగెడుతున్నాయి. కార్లు, బగ్గీలు, పిల్లలు, అరుపులు. నేను ఈ రెండు మెట్ల మీద కూర్చుని నియమావళి మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. ఏ వైపు నుంచి చదివినా బయటికి దారి లేకుండా రాశాడు, ఆ రాసినవాడెవరో గాని.

సూచిక రెండు విషయానికి వస్తాను. రికార్డు సరిగా ఉండాలి. నిరుడు పండుగకు మనం ఎప్పటిలాగే గేటు దాటగానే ఆగాం. ఎప్పటిలాగే నువ్వు నీ టైర్లలో గాలి తగ్గించుకుని, తర్వాత నా టైర్ల దగ్గరికి వచ్చావు. రోడ్డు మీద నడిపే నిండు గాలితో ఇసుకలోకి దిగితే ఏమవుతుందో ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పని మాత్రం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నీ చేతనే జరిగింది. నేను పక్కన నిలబడి పర్మిట్లు పట్టుకునేవాడిని. ఆ మరునాడు బల్ల దగ్గర అందరూ ఉండగా నువ్వు నవ్వుతూ, "వీడికి వాల్వు ఎటు తిప్పాలో తెలీదు, నేను లేకపోతే గేటు దాటిన అరగంటకే నడుం దాకా కూరుకుపోతాడు" అన్నావు. అందరూ నవ్వారు. నేను లేచి, "నీ సాయం నేను ఏనాడూ రాతపూర్వకంగా కోరలేదు" అన్నాను.

అది వాస్తవమే. భూమి రికార్డుల కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసినవాడికి వాస్తవాలకు కొదవ ఉండదు. నువ్వు టోపీ సర్దుకుని, "సరే, అయితే" అన్నావు. అంతే అన్నావు. గంటలో నీ ట్రైలర్ తగిలించుకుని వెళ్ళిపోయావు. బామ్మ నీకని తీసి ఉంచిన పై ముక్క ఆదివారం వరకు గిన్నె కిందే ఉంది. దానిని ఎవరూ తినలేదు. నేను కూడా తినలేదు.

ఆ తర్వాత పన్నెండు నెలలు నేను నీకు ఫోను చేయలేదు. నువ్వూ చేయలేదు. కానీ నువ్వు ఈ బుధవారం గేటు దగ్గరికి వచ్చావు. పై కోసమే అయినా వచ్చావు. ఈ విషయాన్ని ఈ ఉదయం నుంచి నేను పలుమార్లు పరిశీలించాను.

నాలుగింటికి ఎస్తెలా రెండో విడత వస్తుంది. అప్పటికి ఈ ఉత్తరం మూసి ఉండాలి. వలయం తరఫున కార్యదర్శిగా నేను చెప్పగలిగింది ఇంతే: ప్రస్తుత నియమావళి ప్రకారం కార్యదర్శి కదలలేడు, మీరు లోపలికి రాలేరు, కావున జరుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ఇట్లు,
నీ పాత మిత్రుడు (హోదా పునఃపరిశీలనలో ఉంది),
లైమన్ క్విస్ట్,
కార్యదర్శి, పెద్ద దిబ్బ వలయం.

తా.క. ఉత్తరం ఎస్తెలాకు ఇవ్వబోతే ఆమె చేయి చాపలేదు. "ఇందులో ఆ తివాచీ కింద సంగతి రాశారా సార్?" అంది. లేదన్నాను. "అయితే నాకెందుకు ఈ బరువు? నా ట్యాంకు ఇప్పటికే నిండుగా ఉంది" అంది. ఇంజను ఆపి, నా మెట్టు మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది. కనుక రాస్తున్నాను.

శనివారం గేటు దాటాక నేను ఆగాను. ఒక్కడినే. గేజ్ ఉంది, వాల్వు ఉంది, పట్టుకోవడానికి పర్మిట్లు ఉన్నాయి. నువ్వు లేవు. వెనుక కార్లు హారన్లు కొట్టాయి. రోడ్డు మీది నిండు గాలితోనే ఇసుకలోకి దిగాను. నా చోటులోకి వెనక్కి తిప్పుతుంటే చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఇరుసు దాకా దిగిపోయాను. నడుం దాకా అన్న నీ అంచనా కంటె కొంచెం తక్కువ. ఎవరూ చూడకముందే తివాచీ కట్టాను. నీ పేరు రాసిచ్చి బయటికి వెళ్ళిపోవాలని నిన్న కాదు, ఆదివారం నాడే అనుకున్నాను. కదలలేను. నాలుగోది ఇదే.

ఆ ఏడు పేజీలు రాసిన పౌరుడిని నేనే. మార్చి నెలలో, కోపం చల్లారకముందు రాశాను. 'ఆలస్యంగా వచ్చేవారు' అన్న చోటల్లా నా మనసులో ఉన్నది, బుధవారం దాకా బయలుదేరని ఒక్క మనిషి.

అయితే అందులో ఆరవ నియమం ఉంది. గేటులో ఎవరూ అంతదాకా చదివి ఉండరు. ఇసుకలో కూరుకుపోయిన వ్యక్తి, పేరు పెట్టి, సంతకం చేసి, రాతపూర్వకంగా కోరిన సహాయక వాహనాన్ని లెక్కతో, వరసతో పని లేకుండా లోపలికి పంపవలెను. సహాయక వాహనం అనగా ఆ వాహనమూ, దాని వెనుక తగిలించి ఉన్నదీ. అంత కోపంలో కూడా ఆ వాక్యం ఎలా వచ్చిందో నాకు తెలియదు. 'ఏ వాహనాన్నైనా' అనకుండా, 'పేరు పెట్టి' అని రాశాను.

కాబట్టి ఈ తా.క.ను గేటులో చూపించు. ఓరెన్ టాల్బట్, నీ సాయం కోరుతున్నాను. రాతపూర్వకంగా.

నా బండిని లాగాలంటే నీ పికప్ నిలవవలసిన చోటు, కొలిచి చూశాను, సరిగ్గా నీ చోటే. కూరుకుపోయిన బండి బయటపడేవరకు సహాయక వాహనం లోపలే ఉండవచ్చు. ఎంతసేపు అన్నది నియమంలో రాయడం మరిచాను. బామ్మ రేపు రెండింటికి భోజనం పెడుతుంది.

తొందరపడి లాగకు.

లైమన్