ఆ ఏడ్చిన ఒక్కరు

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. ముప్పై ఏళ్లు సినిమా హాలు ప్రొజెక్టర్ గదిలో కూర్చుని, ఏ సీనుకు ఎందరు నవ్వారో, ఎందరు కళ్లు తుడుచుకున్నారో ఆట ఆటకూ రాసిపెట్టాను. గేటు దగ్గర టిక్కెట్లు చింపే మీ బాబాయి, "అన్నయ్యకి పిచ్చి ముదిరింది వదినా" అని మీ అమ్మను ఆటపట్టించేవాడు. ఆ నోటుపుస్తకాలు నీ మనస్తత్వశాస్త్ర పరిశోధనకు పనికొస్తాయని కలలో కూడా అనుకోలేదు.

ఒక పేజీలో "దుర్మార్గుడు చచ్చిపోయే సీను. హాలంతా చప్పట్లు. ఒకరు ఏడ్చారు" అని ఉందనీ, ఆ ఒకరెవరో తేలకపోతే ఆ పేజీ తీసేయమని మీ మాస్టారు అన్నారనీ రాశావు. తీయకు.

ఆ ఒకరు హాల్లో లేరు. నా పక్కనే స్టూలెక్కి, గోడలోని చిన్న కిటికీలోంచి సినిమా చూస్తున్నారు. అప్పటికి ఏడేళ్లు.

"చెడ్డవాడే కదమ్మా, ఎందుకేడుస్తావ్?" అన్నాను.

"వాడి మాట ఎవ్వరూ వినలేదు నాన్నా" అన్నావు.

సొంత బిడ్డ గొప్ప రాసుకోవడానికి మొహమాటపడి, "ఒకరు" అని ఊరుకున్నాను. నీకూ చెప్పలేదు. ఇప్పుడు మీ మాస్టారికి చెప్పు, ఆ ఒకరే ఈ పరిశోధన రాస్తున్నారని.

మీ నాన్న