నూతిని కొలను చేశారు

విజయనగరం, 12-8-2013

శ్రీవారికి జ్ఞానాంబ నమస్కారాలు.

ఫోనులో నన్ను పూర్తిగా చెప్పనివ్వరని కార్డు రాస్తున్నాను. మన మహతి ఆసుపత్రిలో వేళకు తింటోంది, మందులు వేసుకుంటోంది. మాట మాత్రం మళ్ళీ తగ్గిపోయింది.

నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టమని డాక్టరమ్మ అంటే, అమ్మాయి నాలుగు పాదాలు రాసింది. మీరు మురిసిపోతారని, దాన్నడిగే మీకు పంపాను. మీరేమో బడిపిల్లల పద్యంలా దిద్దారు. ‘నూతిలో ఉన్నాను, పైన ఎవరూ లేరు’ అన్నచోట గణాలు కుదరలేదని నూతిని కొట్టేసి, ఎర్రసిరాతో తామరకొలను చేసి తిప్పి పంపారు. అమ్మాయి దాన్ని మీరు దిద్దినట్టే శుభ్రంగా ఎత్తి రాసి డాక్టరమ్మకిచ్చింది. ఆ తర్వాత కలం ముట్టలేదు.

“మొన్నటిదాకా రాసుకుంటన్నాది గదమ్మా, ఏటైపోనాది?” అని ఆయా అడిగింది.

దాని నూలు చీరలు రెండు, నా కళ్ళజోడు పంపండి. వీణ మీద ముసుగు వేశారా? ఎలకలున్నాయి, జాగ్రత్త. అబ్బాయి మోహనకృష్ణకు నా ఆశీస్సులు, వేళకు అన్నం తినమనండి.

చోటు అయిపోయింది. నాన్నగారిని రమ్మని రాయనా అని ఇప్పుడే అడిగాను. “నాకు సరిగ్గా రాయడం వచ్చాక రమ్మనమ్మా” అంది.