అన్‌ఈజీ అన్న మాట

సుశీలా,

ఈ రోజు నీ సంవత్సరీకం. మిద్దె మీద నీకు విస్తరి పెట్టి, కాకి ముట్టేదాకా మంచినీళ్లైనా తాగకుండా మనమ్మాయి లలిత కాచుకుంది. ఎండ ముదిరాక చెమటలు పట్టి గోడకు ఆనుకుని, "నాయనా, అన్‌ఈజీగా ఉండాది," అంది.

నిఘంటువులో ఆ మాటకు అర్థం మనసు కుదురుగా లేకపోవడం. మన ఇంట్లో మాత్రం అది నువ్వు ఛాతీ పట్టుకుని చివరగా అన్న మాట. నీ విస్తరిలోని అన్నమే కలిపి దాని నోటికి అందించాను.

"కాకి ముట్టకముందే ఎట్ల తినేది నాయనా?"

"కాకి సంగతి నేను చూసుకుంటాలే, తిను."

నాలుగు ముద్దలకు చెమట ఆరింది. "ఆకలి, అంతే," అని నవ్వింది. నేను నమ్మలేదు, కడప ఆసుపత్రికి తీసుకొచ్చాను. లోపల ఈసీజీ తీస్తున్నారు.

నీకు కోపమొస్తే నా మీద చూపించు. దాన్ని మాత్రం పిలవొద్దు.