రెండు మందుల పుస్తకాలు

10 జూలై 2023, సోమవారం. ఉదయం 6.10

వాన ఆగలేదు. ఆయన పోయి యాభై రెండు రోజులు. వంటకి ఒక గ్లాసు బియ్యానికి దిగాను. మనవరాలు ప్రమీలారాణి వచ్చింది కాబట్టి మళ్ళీ ఒకటిన్నర.

రాణికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇంటి నుంచి చేసుకోవచ్చట. ముందుగదిలో కిటికీ దగ్గర నెట్ బాగా వస్తుందని అక్కడే బల్ల వేసుకుంది.

పనేమిటని అడిగాను. ఎం.ఫార్మసీ చదివిన పిల్ల, రోజంతా ఎక్కడెక్కడి డాక్టర్లో పంపిన కేసులు చదువుతుందట. ఏ మందు వాడితే ఎవరికి ఏమైందో ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఎక్కిస్తుందట. రోజుకి నలభై. క్లర్కు పనే కదా అన్నాను. అవును నానమ్మా, పోయినవాళ్ళ అటెండెన్స్ వేసే క్లర్కుని అంది. అనేసి నాలుక కరుచుకుంది. నాకేమీ అనిపించలేదు.

12 జూలై, బుధవారం

కరెంటు లేదు. నెట్ లేదు. చింతపండులో గింజలు తీశాను.

14 జూలై, శుక్రవారం. మధ్యాహ్నం 2.20

రాణి తన డేటాబేస్ కొత్త వెర్షన్ చూపించింది. మొన్నటివరకూ మందుల వివరాలు ఒక సైట్‌లో, సైడ్ ఎఫెక్ట్‌లు ఇంకో సైట్‌లో, రీసెర్చ్ పేపర్లు మరోచోట ఉండేవట. స్క్రీన్ మీద మూడు కిటికీలు తెరుచుకుని, ఒకదాంట్లో చూసింది ఇంకోదాంట్లో వెతుక్కునేదట. ఇప్పుడు అన్నీ కలిపారు. రెండు మందుల పేర్లు కొడితే చాలు, కలిపి వాడవచ్చో లేదో, వాడినవాళ్ళకి ఏమైందో మొత్తం ఒకే పేజీలో వస్తుంది.

బడిలో నా పాత పిలుపుతో, ఏవైనా రెండు పేర్లు చెప్పు టీచర్ అని వేళాకోళమాడింది. నా నోటికి తెలిసిన పేర్లు ఆయనవే. వార్ఫరిన్. ఫ్లుకొనజోల్.

పేజీ పైన ఎర్ర పట్టీ వచ్చింది. మేజర్. దాని కింద, రక్తస్రావం, పళ్ళ చిగుళ్ళ నుంచి, పేగు నుంచి, మెదడులో. ఇంగ్లీషు తేలికగానే ఉంది. మొదటిసారికే అర్థమైంది.

ఈ రెండూ కలిపి ఎవరు మింగుతారు నానమ్మా అంది రాణి. ఎక్కడో చదివాను అన్నాను. రాణి అప్పుడు ఇక్కడ లేదు. దానికి తాతయ్య వాడిన వార్ఫరిన్ సంగతే తెలుసు.

15 జూలై, శనివారం. ఉదయం 5.45

ఆయన మందుల పుస్తకాలు రెండూ తీశాను. తేదీలు చూడకుండా ఏదీ అనుకోకూడదు.

రైల్వే పుస్తకం. ఆయన రిటైర్డ్ గార్డు కాబట్టి పెన్షనర్ కార్డు మీద వచ్చే మందులు. మూడు నెలలకోసారి ఇక్కడి నుంచి కిరండూల్ పాసింజర్‌లో విశాఖపట్నం దిగి తెచ్చుకునేవాళ్ళం. గుండె దడకి, రక్తం పల్చబడడానికి వార్ఫరిన్, సాయంత్రం 6.00.

కంపెనీ పుస్తకం. మా అబ్బాయి ఇక్కడి ఇనుప గనిలో పని చేస్తాడు కాబట్టి తల్లిదండ్రులకి కంపెనీ ఆసుపత్రిలో ఇచ్చే మందులు. తొడల్లో తామరకి ఫ్లుకొనజోల్, ఉదయం 9.00, పధ్నాలుగు రోజులు. మొదలు మే 6.

రెండుచోట్లా వైద్యం తీసుకుంటున్నామని తెలిస్తే ఒక కార్డు రద్దవుతుందని కాలనీలో ఇరవై ఏళ్ళుగా అనుకుంటారు. రద్దయినవాళ్ళని నేను చూడలేదు. అయినా నమ్మాను. నమ్మి పద్ధతి పెట్టాను. రెండు పుస్తకాలు, రెండు డబ్బాలు. ఒక ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రెండో పుస్తకం ఇల్లు దాటకూడదు. రైల్వే కాలనీలో పదకొండు ఇళ్ళకి ఈ పద్ధతి నేర్పాను. నా దగ్గరే కూర్చుని గీతలు గీసుకున్నారు.

వేరే మందులేమైనా వాడుతున్నారా అని కంపెనీ డాక్టరు అడిగాడు. ఏమీ లేవని నేనే చెప్పాను. ఇంగ్లీషులో చెప్పాను. అది కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

మే 14. చిగుళ్ళ నుంచి రక్తం. ఇవాళ్టికి మాత్ర మానేస్తానే అన్నారు ఆయన. మొదలుపెట్టిన కోర్సు మధ్యలో ఆపకూడదన్నాను. హెడ్మాస్టరమ్మ ఆర్డరు అని నవ్వి మింగారు. మే 16. మలం నల్లగా. మే 18. పెరట్లో పడిపోయారు. మే 19, జగదల్‌పూర్ ఆసుపత్రిలో పోయారు.

ఒక్క పూట కూడా తప్పలేదు. అన్నిటికీ టిక్కు ఉంది.

16 జూలై, ఆదివారం

చర్చిలో ఆరాధనకి వెళ్ళాను. అందరితో కలిసి పాట పాడాను. వచ్చాను.

18 జూలై, మంగళవారం. మధ్యాహ్నం 3.15

వెనక లైను గురమ్మ వచ్చింది. వాళ్ళాయన పైడయ్య రైల్వేలో పట్టాలు చూసే కీమాన్‌గా రిటైరయ్యాడు. కొడుకు గనిలోనే. పైడయ్య కూడా వార్ఫరిన్ మీద ఉన్నాడు, రెండేళ్ళుగా. పంటి కింద చీము పట్టిందని పోయిన గురువారం కంపెనీ ఆసుపత్రిలో కొత్త మాత్రలిచ్చారట, అప్పటి నుంచి వేసుకుంటున్నాడట. పూటకొకటా, రెండా అని అడగడానికి డబ్బా పట్టుకొచ్చింది. మీరు సెప్పినట్టే టీచరమ్మా, రైలోళ్ళది రైలోళ్ళదే, కంపెనీది కంపెనీదే, ఒకదాని మొకం ఒకదానికి సూపించలేదు అంది. గొప్పగా అంది.

మాత్ర పేరు చదివాను. మెట్రోనిడజోల్. రోజుకి మూడు, తిన్న తర్వాత అని చెప్పాను. వెళ్ళిపోయింది.

రాణి భోజనానికి లేచినప్పుడు కంప్యూటర్ దగ్గర కూర్చుని రెండు పేర్లూ కొట్టాను. ఎర్ర పట్టీ.

సాయంత్రం 5.30

గురమ్మకి చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. ఎలా తెలిసిందో చెబితే మిగతాది గురమ్మే కూడుకుంటుంది. రాణి వింటుంది. అబ్బాయికి తెలుస్తుంది.

6.00

ఇప్పుడు పైడయ్య వేసుకుంటాడు.

6.20

లేవలేదు.

19 జూలై, బుధవారం. ఉదయం 10.30

5.40కి వాళ్ళింటికి వెళ్ళాను. పైడయ్య అరుగు మీద పళ్ళు తోముకుంటున్నాడు. ఉమ్ము ఎర్రగా ఉంది. ఏటి టీచరమ్మా, ఇంత పొద్దున్నే తనికీకొచ్చేరు అన్నాడు.

నిలబడే చెప్పాను. ఈ రెండు మందులూ కలవకూడదు. నేను నేర్పిన పద్ధతి తప్పు. రెండు పుస్తకాలూ పట్టుకుని ఇప్పుడే ఆసుపత్రికి పదండి, రెండూ ఒకే బల్ల మీద పెట్టండి. పైడయ్య నవ్వాడు. జన్మంతా ఒకళ్ళకి మార్కులేసిన మనిషి, తప్పొప్పుకుంతన్నాది, తారీకు రాసుకోయే గురమ్మా అన్నాడు.

గురమ్మ నవ్వలేదు. నిన్న మజ్జానం మా డబ్బా సేత్తో పట్టుకు సూసేరు కదా, అప్పుడే సెప్పుంటే ఏటయ్యేది అని అడిగింది. తర్వాత, మరైతే మా గార్డుబాబుగారు, అని ఆగిపోయింది. అవును అన్నాను.

ముగ్గురం ఆటోలో వెళ్ళాం. డాక్టరు రెండు పుస్తకాలూ చూశాడు. కార్డు రద్దు మాట ఎత్తలేదు. రక్తం తీయించాడు. రక్తం ఎంత పల్చబడిందో చెప్పే అంకె రెండూ మూడూ మధ్య ఉండాలట, ఏడు దాటింది. రెండు మందులూ ఆపించి, విరుగుడు ఇచ్చి, బెడ్ మీద పెట్టారు. నిన్న సాయంత్రం మాత్ర వేసుకోకపోతే ఎంత ఉండేదని అడిగాను. కొంచెం తక్కువ అన్నాడు. ఎంత తక్కువో చెప్పలేదు.

ఇంటికొచ్చి రాణికి చెప్పాను. శుక్రవారం నువ్వు చెప్పిన పేర్లు తాతయ్యవా అని అడిగింది. అవును అన్నాను. ఇవాళ రెండుసార్లు ఆ మాట అన్నాను.

20 జూలై, గురువారం

అబ్బాయికి చెప్పాను. పోనీలే అమ్మా అన్నాడు. షిఫ్టుకి వెళ్ళాడు.

22 జూలై, శనివారం. సాయంత్రం 4.50

పదకొండు ఇళ్ళూ తిరిగాను. పైడయ్యది మొదటిది, అతన్ని నిన్న ఇంటికి తెచ్చారు. కోలుకుంటున్నాడు. గురమ్మ గుమ్మంలోకి వచ్చింది కానీ రమ్మనలేదు. మిగతా పదింటిలో ఏడుగురికి రెండు పుస్తకాలున్నాయి. ఏడుగురివీ తెప్పించి, రాణి చేత ఒక్కో మందూ కొట్టించి చూశాను. ఆరిళ్ళకి పచ్చ పట్టీ వచ్చింది, ఒక ఇంటికి పసుపు, అంటే జాగ్రత్త అని. వాళ్ళని డాక్టరు దగ్గరికి పంపాను. ఒకావిడ, ఏది సేయాలో ఏది మానాలో ముందే తేల్చుకుని సెప్పండమ్మా, మావి బుర్రలే కానీ పలకలు కావు అంది. న్యాయమే.

25 జూలై, మంగళవారం

ఆయన కేసు డేటాబేస్‌కి పంపవచ్చట. డాక్టరే కానక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు కూడా ఫారం నింపవచ్చట. వద్దులే నానమ్మా, నేనే నింపుతాను అంది రాణి. తేదీలు నా దగ్గరున్నాయి కదా అన్నాను.

27 జూలై, గురువారం

రోగి పేరు పూర్తిగా రాయకూడదట. మొదటి అక్షరాలు చాలట. వయసు 74. మందు ఇచ్చినది ఎవరు. భార్య. రియాక్షన్ మొదలైన తేదీ, మే 14. ఆ తర్వాత మందు ఆపారా. అవును, కాదు, తెలియదు. అక్కడ ఆగాను. కాసేపటికి ఫారం దానంతటదే మూసుకుపోయింది. ఏమీ సేవ్ కాలేదు.

మొదటి నుంచి మళ్ళీ నింపాను. మందు ఆపారా అన్నదానికి, కాదు. పన్నెండు నిమిషాలు పట్టింది.