చెప్పి వడ్డించిన మునగాకు

సూర్యాపేట,
4 జూలై 1949

ప్రియమైన అత్తమ్మకు నమస్కారాలు.

ఈ ఉదయం మీ అబ్బాయి పళ్లెం తీస్తే, పప్పు పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. మజ్జిగన్నం మాత్రం తిన్నారు. తప్పు నాదే.

జైలు నుంచి వచ్చినప్పటి నుంచి ఆయనకు పొద్దుగూకితే కళ్లు కనిపించడం లేదు. గుమ్మం కూడా తడుముకుంటారు. రేచీకటి అని, రోజూ మునగాకు పెట్టమని డాక్టరు చెప్పారు. ఆయనకు ఆ వాసనే గిట్టదు కదా. మెత్తగా నూరి పప్పులో కలిపి, పాలకూర అన్నాను. రెండో ముద్దకే కనిపెట్టారు. పళ్లెం పక్కకు జరిపారు. మూడు రోజులుగా నేను వండిన కూర ఏదీ ముట్టడం లేదు.

వచ్చే నెల ఆయన కోదాడ మిల్లులో పనికి చేరాలి. అక్కడ దీపాలు పెట్టాక కూడా పని ఉంటుందట.

నేను చదువుకున్న కాన్వెంటు బోర్డింగులో వంట చేసే సరోజనక్క మునగాకులో కొబ్బరి తురుము వేసేది. వాసన తెలిసేది కాదు. ఇక్కడ కొబ్బరికాయ దొరకలేదు. ఏం చేయమంటారు? ఎదురుగా ఉంటే ఇది అడగలేకపోయేదాన్ని.

మీ కోడలు
సువర్ణ

మిర్యాలగూడ,
9 జూలై

బిడ్డా సువర్ణా,

నేను చెప్తుంటే పోస్టుమాస్టరు చంద్రమౌళి రాస్తున్నడు. నవ్వుతున్నడు గూడ. చెప్పింది రాయవయ్యా అంటున్న.

గంత సదువు సదివినవ్, దామోదర్‌గానికి పాలకూర అని చెప్పినవా? ఆని ముక్కు కుక్క ముక్కు. చిన్నగున్నప్పుడు నేను గూడ గిట్లనే మునగాకు రొట్టెల దాసిపెట్టిన. వారం దినాలు నా చేతి బువ్వ ముట్టలే.

కొబ్బరి కోసం పరేషాన్ గాకు. నువ్వులు దోరగ ఏంచి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయలేసి దంచు. లేతాకే దుయ్యి. పెసరపప్పు లేకుంటే బొబ్బర్లు ఉడకబెట్టి కలుపు. దించేముందు పొడి సల్లు.

గని బిడ్డా, ముందుగాల నోరు తెరిచి చెప్పు, ఇది మునగాకని. నీకు సిగ్గు, నాకెరుకే. చెప్పకుంటె మాత్రం ఆడు తినడు.

నీ మంచి కోరే
ఆండాలు

సూర్యాపేట,
2 ఆగస్టు

ప్రియమైన అత్తమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే నువ్వులు వేయించాను. మొదటి వాయి మాడింది. రెండోది బాగా వచ్చింది. పళ్లెం ముందు పెట్టి, “ఇది మునగాకు. మీ కళ్ల కోసం వండాను” అన్నాను.

“వాకిట్ల నుంచే ఎరుకైంది” అన్నారు. “మల్ల పాలకూర అంటవేమోనని సూస్తున్న.”

“అనను.”

“జైల్ల ఏం పెడుతున్నరో చెప్పకుండనే పెట్టిండ్రు. ఇంట్ల గట్ల వద్దు సువర్ణా.”

ముఖం చిట్లించుకుంటూనే అంతా తిన్నారు. అప్పటి నుంచి రోజూ తింటున్నారు, రోజూ ఆకును తిడుతున్నారు. నన్ను తిట్టడం లేదు.

మీరు చెప్పిన కూర ఎంత మేలు చేసిందో, ఆ ఒక్క మాటా అంత మేలు చేసింది. ఇప్పుడు ఉప్పు తక్కువైనా ఆయన చెబుతున్నారు, నేను వింటున్నాను. ఈ ఇంట్లో నాకు గొంతు ఇచ్చింది మీరు. ఎలా రుణం తీర్చుకోవాలో తెలియదు.

మీ పాదాలకు నమస్కరిస్తూ,
సువర్ణ

ఈ ఉత్తరం నేను చెబుతుంటే ఆయన రాశారు. బుడ్డి దీపం ముందు, పొద్దుగూకిన గంటకు.